రెండు పేర్లు, ఒకే బిందువు

జూన్ 2

తమ్ముడికి,

నిన్ను దేవుడికి అప్పజెప్పి ఈ కాగితం తీశాను. ఇక్కడ అందరం బాగున్నాం. అందరం అంటే నేనూ, నా మోకాళ్ళూ.

సమాధుల తోట గోడకి నోటీసు అంటించారు. కొత్త రోడ్డు అందులోంచి పోతుందట. వచ్చే నెల ఇరవయ్యో తారీఖున తవ్వకం. అక్కడ రాళ్ళు పెట్టనివ్వరు, గోతికొక ఇనప మేకే కదా గుర్తు. అయినవాళ్ళు చీటీ పట్టుకెళ్ళి తమ మేకు దగ్గర నిలబడాలి. తీసినది చిన్న పెట్టెలో పెట్టి, పేరు రాసి, గుట్ట కింద కొత్త స్థలంలో విడిగా పూడుస్తారు. ఎవరూ నిలబడనివాళ్ళని ఉమ్మడి గోతుల్లో వేస్తారు.

మనకి భయం లేదు. పంతొమ్మిదేళ్ళ కిందట నువ్వు ఆ తోట ఆఫీసులో పనిచేస్తూ తీసిచ్చిన చీటీలు రెండూ నా ప్రార్థన పుస్తకంలో ఉన్నాయి. నాన్నది 12 @ 40. అమ్మది 12 @ 40. జ్వరాల ఏడాది మనల్ని అమ్మ దగ్గరికి రానివ్వలేదు. మొహం కూడా చూడలేదు. అయినా నాన్న గోతిలోనే పెట్టారు కదా అన్నదొక్కటే ఇన్నేళ్ళూ నాకు ఊరట. వారం వారం వెళ్ళి ఆ ఒక్క మేకు దగ్గరే ఇద్దరికీ ప్రార్థన చేసుకుంటున్నాను.

ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఆ రెండంకెల మధ్య గుర్తు చూసి, "ఇదేంటండీ, ఈమెయిలా?" అంది. తమ్ముణ్ణి అడిగి చెబుతానన్నాను. ఆ చీటీలు తీసే కంప్యూటరు ప్రోగ్రాం రాసింది నువ్వే, ఊరు మారినా దాన్ని చూసుకుంటున్నదీ నువ్వే. అర్థం రాయి. ఫోను మాత్రం చెయ్యకు. నా చెవుల సంగతి తెలుసుగా. నువ్వు అరవడం, నేను "ఆఁ?" అనడం, మన కథ పక్కింటికి తెలియడం.

అక్క


జూన్ 8

అక్కయ్యకి,

తమ్ముడి దణ్ణాలు. నీ మోకాళ్ళని అడిగానని చెప్పు. పేజీ నిండా రాశావంటే నమ్మలేకపోయాను. మామూలుగా నీ ఉత్తరాలు టెలిగ్రాంలా ఉంటాయి, మాటకింత అని ఎవరో వసూలు చేస్తున్నట్టు.

ఆ గుర్తు ఈమెయిల్ వాళ్ళ సొత్తేం కాదని ఆ అమ్మాయికి చెప్పు. నేను ప్రోగ్రాం రాసింది స్మాల్‌టాక్ అనే భాషలో. పేరుకి తగ్గట్టే అది పిచ్చాపాటీ భాష. అందులో ప్రతిదీ ఒక వస్తువే, ప్రతి వస్తువుతోనూ మాట్లాడొచ్చు. అంకె కూడా మాట వింటుంది. 12 @ 40 అంటే పన్నెండుని పిలిచి, "ఇదిగో నలభై, దీన్ని జత చేసుకో" అని చెప్పడం. పన్నెండు ఆ పని చేసి, ఒక కొత్త వస్తువుని మన చేతిలో పెడుతుంది. దాన్నే బిందువంటారు. దానికి రెండు కొలతలు. మొదటిది గేటు గోడ నుంచి తూర్పుకి ఎన్ని గజాలో, రెండోది అక్కణ్ణించి ఉత్తరానికి ఎన్ని గజాలో. "నీ మొదటి అంకెంత?" అని అడిగితే చెబుతుంది. ఇంకో బిందువుతో కూడితే మూడో బిందువు పుడుతుంది. పాతవి రెండూ ఎక్కడివక్కడే ఉంటాయి.

నువ్వు కుట్టుగదిలో యూనిఫాం చొక్కాకి గుండీ గుర్తు పెడతావు చూడు, అంచు నుంచి ఇంత, మెడ నుంచి ఇంత అని. అదే ఇది. ఒక్క కొలతతో గుండీ కుట్టమంటే ఎక్కడ కుడతావు?

ఇక తవ్వకం సంగతి. ఆ రోజు నువ్వు వెళ్ళకు అక్కా. నిలువు నీడ ఉండదు అక్కడ. అవన్నీ చూసి తట్టుకోవాలి కదా. చీటీలు నాకు పంపెయ్. ఆఫీసువాళ్ళకి నేను రాస్తాను, వాళ్ళే చూసుకుంటారు.

నా సంగతి మామూలే. మూడో అంతస్తు గది, గరగరమనే ఫ్యాను, నాకంటే ముసలి కంప్యూటరు. ఇద్దరం ఒకరి దగ్గు ఒకరం వింటూ కాలక్షేపం చేస్తున్నాం.

తమ్ముడు


జూన్ 13

తమ్ముడికి,

నీకు మేలు జరగాలని కోరుకుంటూ రాస్తున్నాను.

బిందువు సంగతి అర్థమైంది. కుట్టుగదిలో చదివి వినిపిస్తే, "మీ తమ్ముడు కత్తెర పట్టినా బతికేవాడండీ" అన్నారు.

వెళ్ళొద్దన్నావు. నేను నిలబడకపోతే ఇద్దర్నీ ఉమ్మడి గోతిలో వేస్తారని నీకు రాశాను. చదవలేదా?

మేకుల తాత నీకు గుర్తున్నాడా, తోట కాపలా పెద్దాయన. మేకులు పీక్కుపోయి పాత ఇనుపవాళ్ళకి అమ్మేవాళ్ళ వెంటపడేవాడు. ఇంకా అతనే ఉన్నాడు. ఇప్పుడు వెంటపడటంలేదు, కూర్చునే తిడుతున్నాడు. నిన్న నాన్న మేకు దగ్గర నన్ను చూసి వచ్చాడు.

"మీ నాన్నగారు ఇక్కడే అమ్మాయ్. నా చేతులతోనే మేకు కొట్టాను. మరి అమ్మగారేరి?" అన్నాడు.

"ఇక్కడే. ఇదే గోతిలో" అన్నాను.

"జ్వరాల ఏడాదివాళ్ళనా? ఇటెవర్ని రానిచ్చారు! అందరూ పంపు షెడ్డు వెనకే. పాత గొయ్యి తెరవాలంటే అప్పుడెవడికి గుండె ఉంది?"

"చీటీ ఉంది తాతా."

"ఉంటే ఉందిలే. మట్టికి చదువు రాదు" అని వెళ్ళిపోయాడు.

వయసు మీదపడింది, మరిచిపోయి ఉంటాడు అనుకున్నాను. అమ్మ నాన్న దగ్గరే ఉందని నీ చేత్తో ఒక్క ముక్క రాస్తే, అతనికి చూపించి ఊరుకోబెడతాను.

అక్క


జూన్ 18

అక్కయ్యకి,

దణ్ణాలు. ఈ ఉత్తరానికి మూడు కాగితాలు చింపాను. ఇది నాలుగోది.

ప్రోగ్రాంలో ఏముందో ఉన్నదున్నట్టు రాస్తాను, నెమ్మదిగా చదువు. నాన్న పేరు దగ్గర ఒక బిందువు ఉంది. అమ్మ పేరు దగ్గరా ఒక బిందువు ఉంది. చూసేవాళ్ళకి అవి ఒకేలాంటి రెండు బిందువుల్లా కనిపిస్తాయి. రెండు కాదు. ఉన్నది ఒక్కటే.

స్మాల్‌టాక్‌లో పేరంటే డబ్బా కాదు, చూపుడు వేలు. రెండు వేళ్ళు ఒకే వస్తువుని చూపించొచ్చు. నేనప్పుడు అమ్మ పేరుకి నాన్న బిందువుని ఇచ్చాను. అలా ఇస్తే భాష దానంతటది నకలు తీసుకోదు, ఆ వస్తువునే పట్టుకుంటుంది. నకలు కావాలంటే నోరు తెరిచి అడగాలి. నేను అడగలేదు. అందుకని వాళ్ళిద్దరికీ కలిపి ఒక్కటే ఉంది. అమ్మకంటూ విడిగా లేదు.

ఇంతకంటే ఎలా చెప్పాలో నాకు తెలియడంలేదు. అర్థం చేసుకో అక్కా. నువ్వు నా కంటే తెలివైనదానివి.

తమ్ముడు


జూన్ 22

తమ్ముడికి,

దేవుడికి వందనాలు. అదే కదా నేను మొదటినుంచీ అంటున్నది. ఇద్దరికీ ఒక్కటే చోటు. అమ్మకి విడిగా లేదు. దానికి మూడు కాగితాలు చింపాలా?

తాతకి నీ ఉత్తరం చదివి వినిపించాను. "ఈ వేళ్ళేంటమ్మా, ఈ వస్తువులేంటమ్మా" అని తల గోక్కున్నాడు. చదువుకున్నవాళ్ళతో మనకెందుకులే అనుకున్నాడో ఏమో, ఊరుకున్నాడు.

ఆఫీసు అమ్మాయి మనకి రెండు పెట్టెలు రాసుకుంది. ఒక్కటి చాలన్నాను. ఇన్నేళ్ళు కలిసి ఉన్నవాళ్ళని ఇప్పుడు విడదీయడం దేనికి? అమ్మ పేరున ఉన్న దరఖాస్తు కొట్టేయించి, నాన్నదాని మీదే రెండు పేర్లూ రాయించాను. పెట్టెలోకి తెల్లబట్ట నేనే కుడుతున్నాను. కొంచెం పెద్దదే కుడుతున్నాను, ఇద్దరికి కదా.

నువ్వు తిండి మానేస్తున్నావని నీ అక్షరాలు చూస్తే తెలుస్తోంది. వంకరపోతున్నాయి.

అక్క


జూన్ 26

అక్కయ్యకి,

ఆ బట్ట కుట్టడం ఆపు. ముందు ఆపి, తర్వాత చదువు.

అమ్మ అక్కడ లేదు.

తాత చెప్పిందే నిజం. జ్వరాల ఏడాది గుర్తుందిగా, అమ్మని ఆస్పత్రి బండిలోంచే తోటకి తీసుకుపోయారు. ఆ సాయంత్రం నువ్వు ఆఫీసుకి వచ్చావు. నా వెనక నిలబడి తెర మీద చూశావు. అమ్మ పేరు ఉంది, పక్కన చోటు ఖాళీగా ఉంది. "ఖాళీగా ఉంచకురా, చూడలేకపోతున్నా. నాన్న దగ్గర రాయి" అన్నావు. తవ్వినవాళ్ళ చీటీ వచ్చాక దిద్దొచ్చులే అనుకుని రాశాను. అప్పుడే అమ్మ పేరుకి నాన్న బిందువుని ఇచ్చాను.

రెండు రోజులకి చీటీ వచ్చింది. అందులో వేరే అంకెలున్నాయి. పంపు షెడ్డు వెనకవి. అమ్మకి కొత్త బిందువు చేసి ఇవ్వాల్సింది. అలా చెయ్యలేదు. ఉన్న బిందువు లోపల చెయ్యిపెట్టి దాని అంకెలే మార్చేశాను. రోజుకి అరవై చీటీలు అక్కా, అదే తొందర. చీటీలకి జ్వరం అంటుకుని ఉంటుందని సాయంత్రానికల్లా కాల్చేసేవాళ్ళం. అదీ కాల్చాను.

ఉన్నది ఒక్క బిందువే కదా. అమ్మది మారిస్తే నాన్నదీ మారింది. వారం తర్వాత తాత వచ్చి, "మీ నాన్నగారి మేకు ఒకచోటుంది, లిస్టులో ఇంకోచోటుంది" అన్నాడు. నాన్న పేరు తెరిచి మళ్ళీ 12, 40 అని దిద్దాను. అమ్మ కూడా దాంతోపాటే వెనక్కి వచ్చేసింది. నేను చూసుకోలేదు.

ఎప్పుడు చూశానో తెలుసా? నీకు చీటీలు తీసిస్తున్నప్పుడు. రెండూ ఒకటే వచ్చాయి. ఏం జరిగిందో నాకు ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అమ్మ అసలు అంకెలు ఇక లోకంలో ఎక్కడా లేవని కూడా తెలిసింది. ఈలోగా నువ్వు చీటీలు చూసి, "ఒరేయ్, నాన్న దగ్గరే పెట్టారా?" అని ఏడ్చావు. అమ్మ పోయాక నువ్వు ఏడవడం అదే మొదలు. నేను "అవునక్కా" అన్నాను.

మర్నాడు చెబుదామనుకున్నాను. తర్వాత వారం. తర్వాత ఉద్యోగం మార్చుకుని ఈ ఊరు వచ్చేశాను. ఎందుకొచ్చానో నీకిప్పుడు తెలుస్తుంది.

తిట్టు అక్కా. ఎన్ని పేజీలైనా సరే.

తమ్ముడు


జూలై 1

తమ్ముడికి,

ఉత్తరం అందింది. రెండు రోజులు ప్రార్థన చెయ్యలేదు. ఎటు తిరిగి చెయ్యాలో తెలియలేదు.

నాన్న దగ్గర రాయమన్నది నేనే. అది నాది. నకలు అడక్కపోవడం పొరపాటు. పొరపాట్లు నేనూ చేశాను. ఒకసారి ఇద్దరు పిల్లల కొలతలకి ఒకే నమూనా కాగితం వాడి, పొట్టివాడి కోసం దాన్నే కత్తిరించాను. పొడుగువాడి చొక్కాలన్నీ పాడయ్యాయి. చెప్పుకుని, విప్పి, మళ్ళీ కుట్టాను. "అవునక్కా" అన్నది మాత్రం పొరపాటు కాదు.

అమ్మ దరఖాస్తు మళ్ళీ పెట్టాను. చోటు రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఇరవైలోగా నింపాలి. ఆ చీటీలో ఏముందో గుర్తు తెచ్చుకో.

నువ్వు రానక్కరలేదు. పని చూసుకో.

అక్క


జూలై 7

అక్కయ్యకి,

రావద్దన్నావు. సరే. ఆ మాట అనే హక్కు నీకుంది.

వారం రోజులుగా ఇదే పని. స్మాల్‌టాక్‌కి ఒక అలవాటుంది. మనం చెప్పిన ప్రతి మాటనీ ఒక చిట్టాలో రాసుకుంటుంది. మనం మరిచిపోయినా అది మరవదు. ఆ ఏడాది చిట్టా కంప్యూటరులో లేదు, బరువైపోయిందని నేనే కుదించేశాను. కానీ అప్పట్లో నెల నెలా కాగితం మీద అచ్చు తీసేవాళ్ళం. ఆ కట్టలు ప్రోగ్రాంతోపాటే పాత ఆఫీసు నుంచి ఇక్కడికి వచ్చి, మెట్ల కింద గదిలో పడి ఉన్నాయి. చెమ్మ, బొద్దింకలు. అడుగు కాగితాలు అట్టలా అంటుకుపోయాయి. నీళ్ళ ఆవిరి పట్టి ఒక్కొక్కటీ విడదీశాను.

దొరికింది అక్కా. అమ్మ పేరు, ఆ పక్కన నేను చెప్పిన మాట. మొదటి అంకె నలభై ఏడు చెయ్యి అని. స్పష్టంగా ఉంది, 47. కాగితంలో అదే చివరి వరస. రెండో అంకె మార్చమన్న వరస తర్వాతి కాగితం నెత్తిన ఉండాలి. ఆ కాగితం పైభాగం లేదు. చేత్తో పట్టుకుంటే పొడైపోయింది. ఆ పొడిని కవరులో పెట్టుకున్నాను. ఎందుకో తెలియదు.

గోడ నుంచి తూర్పుకి 47 గజాలు. అక్కణ్ణించి ఉత్తరానికి ఎన్నో తెలియదు. ఇది బిందువు కాదు, గీత. ఆ గీత మీద 73 మేకులున్నాయి. అందులో 41కి ప్రోగ్రాంలో పేర్లున్నాయి. మిగతా 32కి పేర్లు లేవు, ఆ ఏడాది ఎవరెవర్ని ఎక్కడెక్కడి నుంచి తెచ్చారో ఎవరికి తెలుసు. ఆ ముప్ఫై రెండింటిలో ఒకటి అమ్మది. వాటి జాబితా ఇందులో పెట్టాను. ఇంతవరకే చెయ్యగలిగాను.

తమ్ముడు


జూలై 12

తమ్ముడికి,

జాబితా అందింది. ఆ కాగితాల మీద పడ్డ కష్టం దేవుడు చూశాడు.

నిన్న తాతని తీసుకుని గీత వెంబడి నడిచాను. పంపు షెడ్డు వెనక మొదలై ప్రహరీ దాకా పోతుంది. మేకుకీ మేకుకీ మధ్య గజం ఖాళీ. గడ్డి మోకాలి దాకా ఉంది. ఇన్నేళ్ళలో నేను అటు ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నాన్న దగ్గర కూర్చుంటే ఆ షెడ్డు నా వీపు వెనక ఉంటుంది.

"గుర్తేమైనా ఉందా అమ్మాయ్? గాజు, కట్టుడు పన్ను, అలాంటిది?" అని తాత అడిగాడు. లేదన్నాను. ఆస్పత్రిలోనే అన్నీ తీసేసి చుట్టేసేవాళ్ళట.

ఆఫీసుకి వెళ్ళి గడిలో 47 రాశాను.

ఆ అమ్మాయి, "రెండోది?" అంది.

"తెలియదమ్మా."

"రెండోది లేకపోతే ఎక్కడని తవ్వుతారు పెద్దమ్మా? సగం అంకెకి మనిషిని ఇవ్వరు."

"ముప్ఫై రెండు చోట్లా నేనే నిలబడతాను. ముప్ఫై రెండుమందినీ విడిగా పూడ్చండి."

లోపలికెళ్ళి పై ఆఫీసర్ని అడిగొచ్చింది. ఒక దరఖాస్తుకి ఒక్కరేనట. పరీక్షలేమైనా చేయిస్తారా అని అడిగాను. నవ్వలేదు పాపం, "మన దగ్గర అవన్నీ ఎక్కడండీ" అంది.

నీకు ఇంకేమైనా గుర్తొస్తే రాయి. ఎనిమిది రోజులుంది.

అక్క


జూలై 15

అక్కయ్యకి,

కళ్ళు మూసుకుంటే ఆ చీటీ కనిపిస్తోంది. పసుపు కాగితం, పెన్సిల్ రాత. 47 కనిపిస్తోంది. పక్కన 26 కనిపిస్తోంది. నిన్న 62 కనిపించింది. మొన్న 20. అన్నీ నీకు పంపిన జాబితాలోవే. జాబితా చదివి చదివి కనిపిస్తున్నాయో, నిజంగా గుర్తుండి కనిపిస్తున్నాయో తెలియడంలేదు.

అయినా చెబుతున్నాను. 26 అని రాసెయ్ అక్కా. 47 @ 26. ఒక మేకు దగ్గర నిలబడు, ఒక పెట్టె తీసుకో, అమ్మ పేరు రాయించు. ముప్ఫై రెండింటిలో ఒక వంతు నిజమయ్యే అవకాశం ఉంది. రాయకపోతే అదీ లేదు. నువ్వు మళ్ళీ కూర్చుని ప్రార్థన చేసుకోవడానికి ఒక చోటుండాలి. నాకు అంతకంటే ఏమీ వద్దు.

రమ్మంటే వచ్చేవాణ్ణి. సంచి సర్దుకునే ఉన్నాను. రావద్దన్నావు కనక రావడంలేదు.

తమ్ముడు


జూలై 23

తమ్ముడికి,

నీ క్షేమం అడుగుతున్నాను.

అయిపోయింది. వరసగా రాస్తాను.

ముందు నాన్న. తొమ్మిదింటికి తవ్వారు. ఒక్కరే ఉన్నారు. తాత ఇంకో మూర లోతు తవ్వించి, పక్కలకి కూడా తీయించి చూపించాడు. "నేను చెప్పలా" అనలేదు. అది అతని మర్యాద. బట్ట పెద్దదైంది. రెండు మడతలు వేసి చుట్టాను.

తర్వాత గీత దగ్గరికి వెళ్ళాను. పేర్లున్నవాళ్ళ మనుషులు ఎవరి మేకు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. కొందరు గొడుగులు తెచ్చుకున్నారు. నువ్వు చెప్పిన ఇరవై ఆరు గజాల మేకు దగ్గర ఎవరూ లేరు. ఆఫీసు అమ్మాయి దరఖాస్తు పట్టుకుని నా పక్కకి వచ్చి మెల్లగా చెప్పబోయింది. నాకు వినబడదని గుర్తొచ్చి చెవి దగ్గర గట్టిగా చెప్పింది. అందరూ విన్నారు.

"రాసెయ్యండి పెద్దమ్మా. ఏదో ఒక అంకె. ఎవరు చూడొచ్చారు?"

"అక్కడున్నది ఇంకెవరి అమ్మో అయితే?"

"వాళ్ళ కోసం ఎవరూ రాలేదు కదండీ. మీరు తీసుకుంటే వాళ్ళకీ పుణ్యమే."

మంచి మాటే అంది. పెన్ను తీసుకున్నాను. ఇరవై ఆరులో మొదటి రెండు రాయబోయాను కూడా. రాస్తే ఏమవుతుందో నాకు తెలుసు. వారం వారం గుట్ట కిందికి వెళ్ళి, అక్కడ కూర్చుని, అమ్మా అని పిలుస్తాను. కొన్నాళ్ళకి నిజమేనని నమ్ముతాను కూడా. అలా నమ్మడం నాకెంత తేలికో పంతొమ్మిదేళ్ళు చూశాం కదా. పెన్ను ఇచ్చేశాను.

పదకొండింటికి మిషను వచ్చింది. ఎవరూ నిలబడనివాటికి మనుషులు తవ్వరు, మిషనే. ఇరవై, ఇరవై ఆరు, ముప్ఫై, ముప్ఫై ఒకటి, అలా తీసుకుంటూ పోయింది. ప్రతి మేకు దగ్గరా ఆగి ఒక మాట ప్రార్థన చెప్పాలనుకున్నాను. నాలుగిటికి చెప్పగలిగాను. దాని నడక వేరు, నా మోకాళ్ళ నడక వేరు. తాత నా చెయ్యి పట్టుకుని షెడ్డు గోడ పక్కన కూర్చోబెట్టాడు.

మూడు లారీలు. గుట్ట కింద మూడు ఉమ్మడి గోతులు. ఏ లారీ ఏ గోతికి పోయిందో రాసుకోలేదు. తాతకీ తెలియదు. గోతులకి మూడు బిందువులు ఇచ్చారు. లోపల ఎవరో, ఎందరో ఇవ్వలేదు. సాయంత్రం ఆ మూడు గోతుల దగ్గరా నిలబడ్డాను. ప్రార్థన రాలేదు. ఇప్పటికీ రావడంలేదు. వస్తుందో లేదో దేవుడికి తెలియాలి.

రావద్దన్నది కోపంతో కాదురా. నీకు సెలవు దొరకదని. నువ్వు అలా తీసుకుంటావని తెలియలేదు. అయినా వస్తావేమోనని మిషను వచ్చేదాకా గేటువైపే చూశాను. ఇద్దరం ఉంటే బరువేమైనా తగ్గేదా అంటే, లేదు. చూశాను, అంతే.

క్షమించానా అని అడగకు. అడిగితే అవునంటాను. అది నిజమో కాదో నాకే తెలియదు. మనింట్లో ఇక ఆ మాట ఊరికే అనొద్దు.

ఒక పని. అమ్మ దరఖాస్తు నీ దగ్గరికి వస్తుంది, ప్రోగ్రాంలోకి ఎక్కించడానికి. చోటు గడిలో 47 కొట్టేసి 'తెలియదు' అని రాశాను. నా చేతి రాతే, గుర్తుపడతావు. నాన్న బిందువు దగ్గర నుంచి అమ్మ పేరు తీసెయ్. దానికి బదులు ఆ గోతుల్లో ఏదో ఒకదాని బిందువు ఇవ్వాలని నీకు అనిపిస్తుంది. నా కోసమే అనిపిస్తుంది. ఇవ్వకు. నేను రాసింది రాసినట్టు ఉంచు.

అక్క